బల్బును అడిగే మనిషి

పోయిన వారం మా అపార్ట్‌మెంటులో సంపు మోటారు కాలిపోయింది. మారతహళ్ళిలో ఒక పూట నీళ్ళు రాకపోతే తప్ప ఇరుగుపొరుగువాళ్ళకు ఒకరి పేరు ఒకరికి తెలియదు. అందరం కింద చేరాం. మెకానిక్ మోటారు విప్పి గోనెసంచి మీద పెట్టి, వైండింగ్ పోయింది, మార్చాలి అని తేల్చేశాడు. ఎందుకు పోయిందని అడిగితే "పాతది కదా మేడమ్" అన్నాడు. పాతబడినవన్నీ పోవాలంటే ముందు మా సెక్రటరీగారు పోవాలి.

నేను వంగి మోటారు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. తర్వాత ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. కొన్ని కాయిళ్ళు బొగ్గులా మాడిపోయి ఉన్నాయి. వాటి మధ్యలోవి మాత్రం నిన్న చుట్టినట్టు మెరుస్తున్నాయి. "పాతబడి పోలేదు. పాతబడితే అన్నీ ఒకేలా మాడతాయి. మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదు. స్టార్టర్ దగ్గర చూడండి" అన్నాను. మెకానిక్ నమ్మకుండానే వెళ్ళి చూశాడు. అక్కడ ఒక తీగ ఊడి వేలాడుతోంది. అది చూడకుండా కొత్త వైండింగ్ వేసి ఉంటే అదీ వారంలో కాలేది.

"మేడమ్ సైన్సు టీచరు కదా, అంతే మరి" అన్నారు సెక్రటరీగారు. నేను అవునన్నట్టు తల ఊపాను గానీ అది పచ్చి అబద్ధం. నా ఎమ్మెస్సీలో గానీ బీఈడీలో గానీ మోటారును వాసన చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ ముక్కు నాది కాదు. బళేపేటలో గాజుల దుకాణాలు దాటాక హార్డ్‌వేర్ సందులో, తలుపంత వెడల్పు దుకాణంలో కూర్చుని మోటార్లు చుట్టిన ఒకావిడది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. అన్నేళ్ళు పనిచేసిన దుకాణం బోర్డు మీదే ఆ పేరు లేదు. ఇప్పుడు నేను రాస్తే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా టీచరమ్మా అని పైనుంచి తిడుతుంది.

నాలుగేళ్ళ కింద మిక్సీ కాలిపోతే ఎవరో చెప్పగా ఆ సందుకు వెళ్ళాను. గడప దగ్గర నిలబడి "మెకానిక్ ఉన్నారా?" అని అడిగాను. లోపల యాభై దాటిన మనిషి, నేత చీర, కొంగు బిగించి దోపుకుని, చెక్కపీట మీద కూర్చుని ఉంది. "ఉండాడు. కూచో" అంది. నా చేతిలోంచి మిక్సీ తీసుకుంది. నేను స్టూలు మీద కూర్చుని మెకానిక్ కోసం వీధి వైపు చూస్తున్నాను. ముప్పావు గంట తర్వాత మిక్సీ నా ఒళ్ళో పెట్టి "ఆడించి చూసుకో" అంది. గిర్రున తిరిగింది. "మెకానిక్ ఇంకా రాలేదే" అన్నాను, నేనంతటి తెలివైనదాన్ని.

ఆమె స్క్రూడ్రైవరు కొంగుకు తుడుచుకుంది, అంతే.

ఆ తర్వాత ఆ స్టూలు మీద కూర్చుని ఈ నాటకం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వచ్చిన ప్రతి మగవాడూ మెకానిక్ ఉన్నాడా అనే అడిగేవాడు. ఆమె ప్రతిసారీ "ఉండాడు, కూచో" అనేది. కొందరు పని పూర్తయ్యేదాకా కనిపెట్టేవాళ్ళు కాదు. ఒకాయన చివర్లో "మెకానిక్‌కు థ్యాంక్స్ చెప్పండమ్మా" అని వెళ్ళాడు. "చెప్తానప్పా, పొద్దుగూకులూ నాతోనే ఉంటాడు" అంది. కోపం లేదా అక్కా అని అడిగితే, "కోపం చేసుకుంటే చుట్లు తప్పుతాయి" అనేది.

చుట్లంటే ఆమెకు ప్రాణం. కాయిలుకు తీగ ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. చుడుతూ పైకే లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు కూడా ఆ అంకెతోనే చెప్పేది. "బాగున్నావా?" అంటే నవ్వుతూ "రెండొందల పదకొండు" అనేది. పక్క దుకాణం ఆయన నిచ్చెన అడిగితే తల అడ్డంగా ఊపి "రెండొందల పందొమ్మిది" అనేది. అంటే ఇవ్వనని. ఆ సందులో వాళ్ళందరికీ ఆ భాష వచ్చు. తెలియనివాళ్ళే కంగారుపడేవాళ్ళు. జనాభా లెక్కలకు వచ్చిన ఒకమ్మాయి వయసెంతని అడిగితే "నూట నలభై" అన్నదట. పాపం ఆ పిల్ల రాసుకుని, తర్వాత కొట్టేసిందట.

ఇంకో అలవాటు, దేన్నయినా ముందు చేతి వెనకవైపుతో తాకడం. మోటారును అలాగే తాకేది. కాఫీ గ్లాసునూ అలాగే తాకేది. మొదటిసారి నా చెంపనూ వేళ్ళ వెనకవైపుతోనే తాకింది. కారణం అడిగితే అరచెయ్యి నా ముందు చాపింది. "షాకు కొడితే చెయ్యి ముడుచుకుంటాది. అరచేత్తో పట్టుకుని ఉంటే, ముడుచుకుని దాన్నే గట్టిగా పట్టుకుంటాది. వెనకవైపైతే ముడుచుకుంటూ ఇవతలికి వస్తాది." స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, రబ్బరు చెప్పులేసుకుని, చెక్కపీట ఎక్కాక కూడా వెనకచెయ్యే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక ఇదెందుకంటే, "కరెంటు దగ్గర నమ్మకం పనికిరాదు. మర్యాదే" అంది.

గాజులమ్మే వీధిలో ఆమె చేతులు బోసిగా ఉండేవి. భర్త పోయినందుకని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను. కాదట. ఆయన ఉన్నప్పుడే తీసేసింది. ఆయన గట్టి వైండరు. నడివయసులో చేతులు వణికే జబ్బు వచ్చింది. పీట పక్కన కూర్చుని ఆయన నోటితో చెబితే ఈమె చేత్తో చుట్టేది. ఒకరోజు గాజు చిట్లి, ఆ పెంకు కాయిల్లో పడి తీగ పైపూత చీరింది. మోటారు పోయింది. ఆ సాయంత్రమే గాజులన్నీ తీసి అత్తగారి ముందు పెట్టింది. మొగుడు బతికుండగా ఇదేం చోద్యమని ఆవిడ నెల రోజులు మాట్లాడలేదట. "ఆయన మాత్రం బో సంతోషపడినాడు. ఇప్పుడు నువ్వు వైండరువి అయినావు అన్నాడు" అని చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. పెళ్ళినాటి సంగతి చెప్పేటప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

ఇక నా సంగతి. నేను కె.ఆర్.పురంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నాకు కరెంటంటే భయం. ఈ మాట సైన్సు టీచరు అనకూడదు గానీ అది నిజం. విద్యుత్తు పాఠం మొత్తం సుద్దముక్కతోనే నడిపించేదాన్ని. బోర్డు మీద గీసిన బల్బు షాకు కొట్టదు కదా. ఒకరోజు పదో తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడమ్, బల్బులోకి వెళ్ళిన కరెంటు వెలగడానికి ఖర్చైపోతుంది కదా, మరి రెండో తీగ ఎందుకు?" అని అడిగింది. నేను సూత్రం రాశాను. ఆ పిల్ల సూత్రం వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు నాలాంటివాళ్ళను చూసే అని ఉంటారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శనివారం మధ్యాహ్నం మెట్రో ఎక్కి బళేపేటకు పోయాను. పాడైనదేదీ చేతిలో లేకుండా అక్కడికి వెళ్ళడం అదే మొదలు. సంగతి చెప్పాను. ఆమె లేచి అరమీదున్న పాత బిస్కెట్ల డబ్బా దించింది. అందులో గుడ్డల్లో చుట్టిన గుండుబల్బులు, పసుపుపచ్చగా వెలిగే పాతకాలపువి. అవి దొరకడం మానేశాక ఇంటింటికీ తిరిగి అడుక్కుని దాచుకుందట. "ఎల్ఈడీ బల్బు దొంగది. స్వల్ప వచ్చినా అంతే వెలుగుతాది, ఎక్కువ వచ్చినా అంతే వెలుగుతాది. ఈ గుండుబల్బుకి కడుపులో ఏదీ దాగదు" అంది.

ఆమె దగ్గర ఉన్న పరికరం ఆ బల్బొక్కటే. ఏ మోటారు వచ్చినా నేరుగా కరెంటు ఇచ్చేది కాదు. దారిలో ఒక బల్బును కాపలా పెట్టి ఇచ్చేది. సీరీస్ బల్బు అంటారు దాన్ని. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టయిందని. డల్లుగా వెలిగితే కాయిలు బాగుందని. అసలు వెలగకపోతే ఎక్కడో తెగిందని. "బల్బుని అడుగు. అడక్కుండా చెయ్యి పెట్టొద్దు" అనేది అందరితో.

ఆ రోజు ఒక కాయిలు తీసుకుని దానికి ఇటొక బల్బు, అటొక బల్బు వరసగా కలిపింది. "కరెంటు ఇటునుంచి పోతాది. ఈ బల్బు దాటి, కాయిలు దాటి, ఆ బల్బుకి పోతాది. ఏది ఎక్కువ వెలుగుతాది చెప్పు." రెండూ సమానమని చెప్పాలని పుస్తకం చదివిన నా నోటికి తెలుసు. కానీ లోపలున్న మనిషి మాత్రం మొదటిదే అనుకుంది. ఎంత కాదన్నా ముందు పంక్తివాళ్ళకు వడ్డించాకే కదా వెనక పంక్తి. ఆమె స్విచ్చి వేసింది. రెండు బల్బులూ ఒకే ఎరుపులో, కవల పిల్లల్లా వెలిగాయి. బల్బుల్ని ఇటుది అటు మార్చింది. అయినా అంతే.

"చూసినావా. ఎంత పోయిందో అంతే వచ్చింది. కరెంటు తరగదు" అంది. "మరి ఖర్చయ్యేది ఏమిటక్కా?" అన్నాను. ఆమె వీధిలోకి చూపించింది. మూటలు మోసేవాళ్ళు పోతున్నారు. "పొద్దున పదిమంది పనికి పోయినారు అనుకో. సాయంకాలం పదిమందే రావల్ల. ఒకడు తగ్గినా ఊరుకుంటామా? మనిషి తరగడప్పా. వాడి ఒంట్లో ఓపిక తరుగుతాది. ఆ ఓపికే బల్బులో వెలుగు. మళ్ళీ ఇంటికి పోయి ఓపిక నింపుకుని రావల్ల కదా, దానికే రెండో తీగ."

పదేళ్ళుగా పిల్లలకు చెబుతున్న పాఠం నాకు ఆ స్టూలు మీద అర్థమైంది. సోమవారం ఆ రెండు బల్బులూ, కాయిలూ సంచిలో పెట్టుకుని బడికి పోయాను. గాజులు తీసేసి, రబ్బరు చెప్పులేసుకుని, బల్ల మీద వెలిగించాను. రెండో తీగ సంగతి అడిగిన పిల్లను ముందుకు పిలిచి క్షమించమన్నాను. ఆ పిల్ల ఇప్పుడు పీయూసీలో, అదే ఇంటర్లో, సైన్సు తీసుకుంది. అదిప్పుడు అప్రస్తుతమే గానీ చెప్పకుండా ఉండలేను.

ఆమెకు ఒకే ఒక్క దిగులు ఉండేది. దుకాణం మరిది పేరు మీద ఉంది. మంచివాడే. కానీ ఆ పాత భవనం పడగొట్టి కొత్తది కడతారని తేలిపోయింది. కొత్తదాంట్లో వైండింగ్ దుకాణానికి చోటుండదు. "ఇంట్లో కూచోరాదా వదినా, ఎన్నాళ్ళు చుడతావు" అన్నాడు మరిది. కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆ రోజుల్లోనే మా బడి దగ్గర ఆడవాళ్ళకు చేతిపనులు నేర్పే కేంద్రం ఒకటి మోటారు వైండింగ్ నేర్పడానికి మనిషి కావాలని కాగితం అంటించింది. పని వస్తే చాలదు, సర్టిఫికెట్ ఉండాలి. బడికి పోయి చదవకపోయినా, చేతిపని తెలిసినవాళ్ళకు పరీక్ష పెట్టి ఇస్తారట. ఆ కాగితం ఫోటో తీసి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. "నేర్పేవాళ్ళని ఏమంటారు అక్కడ?" అని అడిగింది.

"మేడమ్ అంటారు."

ఆమె కాయిలు చుట్టడం మొదలుపెట్టింది. పది చుట్లయ్యాక ఆపింది. నేను ఉండగా చుట్టు మధ్యలో ఆమె ఆపడం అదొక్కసారే చూశాను. "నాకు పని తెలుసు, మాటలు తెలీవు. నీకు మాటలు తెలుసు, పని తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాము. నేర్పించు" అంది.

అలా శనివారాలు మొదలయ్యాయి. వోల్టేజి, కరెంటు, నిరోధం. గోడ మీద సుద్దతో రాసుకుంది. నేను నిర్వచనాలు చెబితే ఆమె వాటిని సందులోకి తీసుకుపోయి చూసుకునేది. "నిరోధం అంటే ఈ సందు ఇరుకు. కరెంటు అంటే జనం నడక. వోల్టేజి అంటే వెనకనుంచి తోపు. తోపు పెరిగితే నడక పెరుగుతాది. ఇరుకు పెరిగితే నడక తగ్గుతాది. ఇంతేనా? దీనికి ఇంత సంస్కృతమా?" అనేది. కానీ పరీక్షలో సంస్కృతమే అడుగుతారు కదా. ఓం నియమాన్ని బట్టీ పెట్టించాను. కాయిలు చుడుతూ వల్లెవేసేది. "స్థిర ఉష్ణోగ్రత వద్ద వాహకంలో ప్రవహించే నూట అరవై రెండు, నూట అరవై మూడు" అని లెక్కలోకి జారిపోయేది. నేను తల పట్టుకునేదాన్ని. ఆమె నవ్వేది కాదు. ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

పరీక్ష ఒక ఆదివారం పొద్దున. తోడు నేనే వెళ్ళాను. ఏడుగురు మగవాళ్ళు, ఈమె ఒక్కతే ఆడమనిషి. భుజానికి గుడ్డసంచి. అందులో ఏముందని అడిగితే చెప్పలేదు. పరీక్ష పెట్టేవాళ్ళు ఇద్దరు. ఒకాయన కుర్ర ఇంజనీరు, అన్నీ ఫోన్లో చూసి అడుగుతున్నాడు. రెండో ఆయన పెద్దాయన, కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చు. ముందు నోటి పరీక్ష. ఓం నియమం చెప్పమన్నాడు కుర్రాయన. "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అని మొదలుపెట్టి ఆగిపోయింది. నేను వెనక బెంచీలో కూర్చుని పెదవులు కదిపాను. ఆమెకు కనబడలేదు. "వేడెక్కనంత సేపూ సార్, తోపుకి తగినట్టు నడక ఉంటాది. వేడెక్కితే మాట మారుతాది" అంది. అది సరైన జవాబే. అయినా కుర్రాయన ఫోన్లో ఉన్న మాటల్లో లేదు. సగం మార్కులే వేశాడు. "ప్రాక్టికల్‌లో ఒక్క తప్పు వచ్చినా ఫెయిల్ అవుతారమ్మా, చూసుకోండి" అని ముందే చెప్పాడు.

ప్రాక్టికల్‌కు బల్ల మీద మూడు మోటార్లు పెట్టారు. మీటరుతో పరీక్షించి ఏది బాగుందో, ఏది పాడైందో చెప్పాలి. ముందు వెళ్ళిన ఏడుగురూ ఒకటోది తెగింది, రెండోది షార్టయింది, మూడోది బాగుంది అన్నారు. కుర్రాయన దగ్గరున్న జవాబుల కాగితంలోనూ అదే ఉంది. చివర్లో ఈమె వెళ్ళింది. మొదటి రెండూ చిటికెలో చెప్పేసింది. మూడోదాని దగ్గర వంగి వాసన చూసింది. చుట్టూ తిరిగి చూసింది. మీటరు పెట్టింది. మీటరు ఏ తప్పూ చూపించలేదు.

"మూడోది బాగలేదు సార్. తీగ బాడీకి తగులుతా ఉండాది" అంది.

కుర్రాయన నవ్వు ఆపుకున్నాడు. తనే మీటరు తీసుకుని, ఒక కొస వైండింగ్‌కు, ఒక కొస ఇనప ఒంటికి పెట్టి చూపించాడు. ఏమీ లేదు. "ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు. చేతిలో పెన్ను రాయడానికి సిద్ధంగా ఉంది. ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను బెంచీ మీంచి లేచి, ఆమెకు కనబడేలా నిలబడి, "బాగుందని చెప్పక్కా" అని సైగ చేశాను. ఆ ఒక్క మాట అంటే సర్టిఫికెట్ వస్తుంది, పని వస్తుంది, మేడమ్ అవుతుంది. ఈసారి నా సైగ ఆమెకు కనబడింది. నా వంక ఒక చూపు చూసింది. తప్పుడు చుట్టు చుట్టిన కాయిలును చూసినట్టు చూసింది. ఆ చూపుకు నేను కూర్చుండిపోయాను.

"మీటరు మెల్లగా అడిగింది సార్. దాంట్లో ఉండేది చిన్న బ్యాటరీ. మెల్లగా అడిగితే ఇది చెప్పదు. ఇంట్లో కరెంటు అంత తోపుతో అడగవల్ల. నా దగ్గర బల్బు ఉండాది. ఒక్కసారి అడగనీయండి" అంది. మీటరు తప్ప వేరేది వాడకూడదని కుర్రాయన అన్నాడు. "ఇప్పుడు వీళ్ళందరూ దీన్ని ఆడించి చూపించాల కదా సార్. చెయ్యి పెట్టేది వీళ్ళే" అంది ఆమె. ఆ మాటకు పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "తీయమ్మా నీ బల్బు" అన్నాడు.

గుడ్డసంచిలోంచి గుండుబల్బు, హోల్డరు, రెండు తీగలు బయటికి వచ్చాయి. చెక్కముక్క కూడా తెచ్చుకుంది. అందరినీ రెండడుగులు వెనక్కి జరగమంది. ఒక తీగ వైండింగ్‌కు, ఒకటి మోటారు ఒంటికి కలిపి, చెక్కమీద నిలబడి స్విచ్చి వేసింది. బల్బులో ఏమీ లేదు. కుర్రాయన పెన్ను కాగితం మీదికి దించాడు. అప్పుడు బల్బులోపలి తీగ కుంకుమ గీతంత ఎర్రబడింది. మెల్లగా ఇంకొంచెం ఎర్రబడింది. నివురుగప్పిన నిప్పును ఊదితే ఎలా బయటపడుతుందో అలా బయటపడింది.

ఆమె స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, ఒక పక్క మూత విప్పి, తీగ కూర్చునే గాడి మూతి దగ్గర గోటితో చూపించింది. తీగకూ ఇనుముకూ మధ్య ఉండాల్సిన కాగితం అక్కడ చిట్లి, అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది. పెద్దాయన కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. జవాబుల కాగితం కుర్రాయన చేతిలోంచి తీసుకుని, మూడో జవాబు కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. అప్పుడు కుర్రాయన చేసిన పనికి నాకు అతని మీద ఉన్న కోపమంతా పోయింది. పెన్ను జేబులో పెట్టుకుని, "మేడమ్, మీటరుకు ఎందుకు దొరకలేదో ఇంకోసారి చెబుతారా, అందరికీ?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. తలుపు మెల్లగా తడితే గడియ ఊడదు, భుజంతో తోస్తే ఊడుతుంది, ఆ తోపే వోల్టేజి అని చెప్పింది. చిట్లిన కాగితం తొమ్మిది వోల్టులను ఆపగలదు, రెండొందల ముప్పైని ఆపలేదని చెప్పింది. ఏడుగురు మగవాళ్ళు నోట్‌బుక్కులు తీసి రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. నా విద్యార్థిని పాసవుతుందో లేదోనని వచ్చిన పంతులమ్మను కదా, బుద్ధిగా రాసుకున్నాను. ఆ రోజు నాకు కలిగినంత గర్వం నా సొంత డిగ్రీలు తీసుకున్నప్పుడు కలగలేదు.

సర్టిఫికెట్ నెలలోపు వచ్చింది. ఈ వయసులో పరీక్షలేమిటన్న మరిదే దానికి లామినేషన్ చేయించి, సందంతా తిప్పి చూపించాడు. గాజుల దుకాణంవాళ్ళు మైసూరుపాకు పంచారు. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు పీట మీద కూర్చుని ఉంది. ఎలా ఉందక్కా అని అడిగితే "తొంభై ఆరు" అంది, చెవులదాకా నవ్వుతూ.

కేంద్రంలో ఆమె మొదటి రోజు నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పన్నెండుమంది ఆడవాళ్ళు. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వచ్చినవాళ్ళు. ఇసుక మోసి కాయలు కాసిన చేతులు బల్లల మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె గుడ్డసంచితో గుమ్మంలోకి వచ్చింది. పన్నెండుమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఆమె గబుక్కున పక్కకు జరిగి దారి ఇచ్చింది. తన వెనక ఎవరో పెద్ద మనిషి వస్తున్నాడనుకుని, తిరిగి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. వరండాలో కూడా ఎవరూ లేరు. అప్పుడు మళ్ళీ ఇటు తిరిగి, నిలబడ్డ పన్నెండుమందినీ ఒక్కొక్కరినే చూసింది. కొంగు సర్దుకుంది. సంచి బల్ల మీద పెట్టింది.

"కూచోండప్పా" అంది.

ఎవరూ కూర్చోలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు కూర్చున్నారు.